పంటు మీద కెమెరా పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

కళ్ళకి వీఆర్ హెడ్‌సెట్ (మనం వేరే చోట ఉన్నట్టే చుట్టూ బొమ్మ చూపించే కళ్ళద్దాల మిషను) తగిలించి మానసిక సమస్యల్ని అంచనా వేస్తున్నారని మీ పేపర్లో వచ్చింది చదివాక మా అరుగు మీద పెద్ద చర్చే నడిచింది, ఇదంతా డబ్బున్నోళ్ళ ఆటబొమ్మ అని సగం మంది కొట్టిపారేశారు, నాకు మాత్రం అలా అనిపించలేదు.

ఎందుకంటే మా వైపు సైకియాట్రిస్ట్ గదిలో ఏం జరుగుద్దో నేను చూశాను. నలుగురిలోకి వెళ్తే ఎలా ఉంటుంది బాబూ అని డాక్టర్ గారు అడుగుతారు, కుర్రాడు నోరు తెరిచేలోపు పక్కనున్న మేనమామ "ఆయ్, ఏం లేదండి, నిద్ర పట్టట్లేదంతే" అనేస్తాడు, కుర్రాడు తలూపుతాడు, అయిపోయింది. పోనీ వాడే చెప్పినా, ఎప్పుడో బస్టాండులో తనకేమైందో ఫ్యాను కింద కూర్చుని గుర్తు తెచ్చుకుని చెప్పాలి. హెడ్‌సెట్‌లో అలాంటి సీను చూపిస్తే ఆ దడ పుట్టినప్పుడే దొరుకుద్ది, గుండె ఎంత కొట్టుకుందో, తల ఎటు తిప్పాడో, ఎవరి మొహం చూడకుండా తప్పించుకున్నాడో అప్పటికప్పుడే కొలవొచ్చు.

దీంట్లో కిటుకేంటంటే అందరికీ ఒకటే సీను చూపిస్తారు. 2008లో లండన్ కింగ్స్ కాలేజీలో డేనియల్ ఫ్రీమన్ అనే సైకాలజిస్టు టీము 200 మంది మామూలు జనాన్ని కంప్యూటర్లో తయారుచేసిన మెట్రో రైలెక్కించి 4 నిమిషాలు తిప్పారు. అందులో ప్యాసింజర్లు ఎవర్నీ ఏమీ అనరు, అయినా 40 శాతం పైచిలుకు మందికి వీడెవడో నన్ను తేడాగా చూస్తున్నాడే అన్నట్టు ఏదో ఒక అనుమానం కలిగింది. చాలామందికి మాత్రం అదే జనం మంచోళ్ళుగానో మామూలోళ్ళుగానో కనపడ్డారు.

నా పేచీ ఇక్కడే. ఆ రైల్లో ఎవరి మానాన వాళ్ళు కూర్చోవడం మామూలు. మా రాజోలు బస్సెక్కితే ఎదురు సీటాయన పైనుంచి కిందదాకా చూసి ఏ ఊరండి, ఎవరి తాలూకా అండి అని అడగడం మామూలు, అడక్కపోతేనే అనుమానించాలి! అలాంటి మనిషికి లండన్ బోగీ చూపించి బెదిరాడని రాసుకుంటే అది జబ్బో, కొత్తచోటు బెరుకో ఎవరు తేలుస్తారు?

అందుకని మన కాకినాడ, రాజమండ్రి పెద్దాసుపత్రులకి ఇది తెచ్చేమాటైతే సీన్లు ఇక్కడే తియ్యాలి. గ్రాఫిక్సు అక్కర్లేదు, చుట్టూతా ఒకేసారి తీసే 360 డిగ్రీల కెమెరా చాలు (అందులో తల తిప్పి చూడొచ్చు గానీ లేచి నడవడానికి ఉండదు, అంతే). సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం వెళ్ళే పంటు (జనాన్నీ బైకుల్నీ గోదారి దాటించే పడవ) మీద పెట్టండి. బైకుల మధ్య ఇరుక్కుని నించున్న జనం, పక్కోడి మోచెయ్యి, రేవు వదిలాక దిగిపోదామన్నా దిగలేని పరిస్థితి, జనమంటే భయమున్నోడికి ఇంతకన్నా పరీక్షేముంది. కాకపోతే ముందు కనుక్కునే చూపించాలి, 2019లో కచ్చులూరు దగ్గర గోదారిలో బోటు మునిగినప్పుడు మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకి ఆ నీళ్ళు చూపించడం పరీక్ష కాదు, పాపం. ఇంకోటి, హెడ్‌సెట్‌తో కొందరికి తల తిరిగి వాంతొచ్చినట్టుంటుంది, దాన్ని కూడా ఆందోళన కింద రాసేస్తే కొంప మునిగినట్టే, కాబట్టి మిషను చెప్పిందే ఫైనల్ అనుకోకుండా తర్వాత డాక్టర్ గారు కూర్చుని మాట్లాడాల్సిందే.

మేనమామ గార్ని మాత్రం బయట కూర్చోబెట్టండి. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో పేషెంటు వివరాలు గోప్యంగా ఉంచాలనుంది, గుండె దడ లెక్కలకీ అది వర్తించాలి, లేకపోతే పెళ్ళిసంబంధాల టైముకి ఆ కాగితం ఊరంతా తిరుగుద్ది.

ఇవన్నీ వచ్చేదాకా ఎవరికన్నా మనసు బాగోకపోతే టెలిమానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైను 14416కి ఫోన్ చెయ్యొచ్చు, ఫ్రీయే, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇట్లు,
ఓ పాఠకుడు, రాజోలు