కదలకుండా కూర్చున్న కుందేలు మచ్చికైనట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

సెలవులు వస్తే చాలు, ఎగ్జిబిషన్లలో, పార్కుల్లో జంతువులను ముట్టుకుని ఆడుకునే స్టాళ్లు వెలుస్తుంటాయి. వాటిలో కుందేలు దాదాపు తప్పనిసరి. చిన్నది, మెత్తనిది, అరవదు. పిల్లల ఒడిలో పెట్టి ఫొటో తీస్తుంటే బొమ్మలా ఉండిపోతుంది. "ఎంత మచ్చికో చూడండి" అంటారు నిర్వాహకులు. అలాంటి స్టాళ్లకు అనుమతి ఇచ్చేవాళ్లు ఆ జంతువుకు లోకం ఎలా కనిపిస్తుందో కూడా ఒకసారి ఆలోచించాలని ఈ ఉత్తరం.

కుందేలు కళ్లు మనలా ముఖానికి ముందు ఉండవు. తలకు రెండు పక్కలా, కాస్త పైకి, ఉబ్బెత్తుగా ఉంటాయి. అందుకే తల తిప్పకుండానే ముందు, వెనక, పైన దాదాపు 360 డిగ్రీలూ దానికి కనిపిస్తాయి. మనకు కనిపించేది 180 డిగ్రీలు, లేదా ఆపైన కొంచెం. పిల్లికి సుమారు 200, కుక్కకు జాతిని బట్టి 240 దాకా ఉంటుంది. గుర్రం మాత్రం 350 దగ్గరికి వస్తుంది. వేటాడే జంతువు ఎర ఎంత దూరంలో ఉందో కచ్చితంగా తెలుసుకోవాలి కాబట్టి దాని రెండు కళ్లూ కలిసి ముందుకు చూస్తాయి. ఎరగా బతికేదానికి దూరం సంగతి తర్వాత, ముప్పు ఎటునుంచి వస్తోందో ముందు తెలియాలి.

దీనికి కుందేలు చెల్లించే మూల్యమూ ఉంది. సరిగ్గా ముక్కు ముందున్న కొద్దిపాటి చోటు దానికి కనపడదు. నోటి దగ్గరికి తెచ్చిన ఆకును వాసనతో, మీసాలతో, పెదవులతో పోల్చుకుంటుంది. పిల్లలు ముద్దుగా ముక్కు దగ్గర వేలు పెడితే ఉలిక్కిపడటానికీ, ఒక్కోసారి కొరకడానికీ కారణం అదే. పాపం, దాన్ని పొగరుబోతు అనేస్తాం.

రంగుల్లో నీలం, ఆకుపచ్చలను గుర్తించగలదు గానీ ఎరుపును సరిగా పోల్చుకోలేదు. మనలా సన్నటి వివరాలూ అందవు. కదలిక విషయానికి వస్తే మాత్రం దాని కన్ను అసాధారణమైనది. 1960లలో హొరేస్ బార్లో, విలియం లెవిక్ అనే శాస్త్రవేత్తలు కుందేలు రెటీనాలో, అంటే కంటి లోపల వెలుతురును గ్రహించే పొరలో, ఒక రకం కణాలను పరిశీలించారు. ఏదైనా ఒక దిక్కుగా కదిలితే అవి గట్టిగా స్పందిస్తాయి, అదే వస్తువు ఎదురు దిక్కుగా కదిలితే దాదాపు ఊరుకుంటాయి. అంటే, ఏది ఎటు కదులుతోందో లెక్కగట్టే పని మెదడు దాకా వెళ్లకముందే, కంట్లోనే మొదలైపోతుంది. పైగా రెటీనాలో నాడీకణాలు అడ్డంగా ఒక పట్టీలా ఒత్తుగా ఉంటాయి. దాంతో నేలా ఆకాశం కలిసే గీత పొడవునా ఒకేసారి కాపలా కాయగలదు.

ఇప్పుడు ఈ కంటిని తీసుకెళ్లి ఆ స్టాల్లో పెట్టండి. నాలుగు వైపులా వైరు జాలీ, నాలుగు వైపులా జనం, ఊగే చేతులు, ఫోన్లు, పరుగెత్తే పిల్లలు. మనకు నచ్చనిది ఎదురైతే ముఖం తిప్పుకుంటాం. పిల్లి కూడా వీపు చూపించి కూర్చుంటుంది. కుందేలుకు ఆ వెసులుబాటు లేదు. ముఖం ఎటు తిప్పినా అందరూ కనిపిస్తూనే ఉంటారు. అందులోనూ పైనుంచి దిగే చెయ్యి దానికి గద్ద లాంటిది. పారిపోవడానికి దారి లేనప్పుడు బిగుసుకుపోవడం ఒక్కటే దానికి మిగులుతుంది. వెల్లకిలా పడుకోబెడితే హాయిగా నిద్రపోయిందని వీడియోలు పెడుతుంటారు. అదీ భయంతో కొయ్యబారిపోవడమే. తేరుకుని ఒక్కసారిగా వెనక కాళ్లు గట్టిగా విదిలిస్తే వెన్నెముక విరిగే ప్రమాదమూ ఉంది. ఇంత చెప్పినా "మా కుందేలుకు అలవాటే" అనేవాళ్లు ఉంటారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాళ్లతో ఏం వాదిస్తాం!

అలసటను కూడా దాని కళ్లను చూసి పట్టుకోలేం. కుందేలు చాలా తక్కువసార్లు రెప్ప వేస్తుంది, కళ్లు తెరిచే కునుకు తీయగలదు. ఎర్రకళ్ల తెల్ల కుందేళ్లది మరో ఇబ్బంది. వాటి కళ్లలో రంగు పదార్థం లేకపోవడం వల్ల మామూలు వెలుతురే ఎక్కువవుతుంది. సరిగా చూడటానికి కొన్ని తలను అటూ ఇటూ ఊపుతుంటాయి. దాన్ని డాన్స్ అనుకుని ఫ్లాష్ వేసి మరీ ఫొటోలు తీస్తారు.

అన్ని జంతువులకూ ఒకే నియమం పెడితే కుదరదని కూడా చెప్పాలి. గుర్రానికి సరిగ్గా తోక వెనక ఉన్న మనిషి కనపడడు, అందుకని మాట్లాడుతూ భుజం వైపు నుంచి దగ్గరికి వెళ్లాలి. గుడ్లగూబ కనుగుడ్లు కదలవు, తల తిప్పితేనే దానికి పక్కలు కనిపిస్తాయి. ఏ జంతువును ప్రదర్శనకు తెస్తున్నారో దాని చూపును బట్టి ఏర్పాట్లు ఉండాలి.

కుందేళ్ల వరకు నేను అడిగేవి పెద్ద ఖర్చుతో పని లేనివే. జనం ఒక్క వైపే ఉండాలి, మిగతా మూడు వైపులూ, పైభాగమూ కప్పి ఉంచాలి. గాలి ఆడితే చాలు. ప్రతి కుందేలుకూ దాక్కునే పెట్టె కావాలి, దానికి రెండు దారులు ఉండాలి. ఎవరూ ఎత్తుకోకూడదు. పిల్లలు నేల మీద కూర్చుంటే అదే రావాలి, రాకపోతే లేదు. ఫ్లాష్ నిషేధించాలి. దాక్కున్న కుందేలును చూడటానికి టికెట్ ఎవరు కొంటారని నిర్వాహకులు అడగొచ్చు. కొనకపోతే ఆ స్టాల్‌కు కుందేలు తగిన జంతువు కాదని అర్థం. పిల్లలకు జంతువులంటే ప్రేమ పెరుగుతుందనే వాదన నేను కాదనను. కానీ భయపడ్డ జంతువును మచ్చికైన జంతువుగా చూపిస్తే పిల్లలు నేర్చుకునేది తప్పు పాఠం.

మీకూ ఒక మనవి. చెవులు పట్టుకుని కుందేలును పైకి ఎత్తిన బొమ్మలు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తున్నాయి. మీ పిల్లల పేజీలో అలాంటివి రాకుండా చూడగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు