హనుమకొండ నుంచి, నీ ఉప్పునీళ్ల చేపల తొట్టి కోసం

దోస్త్,

ఎట్లున్నావు? పిన్ని మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్‌లో చెప్తే సగం నీకు గుర్తుండదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

నైట్రేట్ ఎంతకీ దిగడం లేదు, ఇంకో ఫిల్టర్ కొనాలా అని అడిగావు కదా. కొనకు. ఆ డబ్బుతో రెఫ్యూజియం పెట్టు, అంటే తొట్టి నీళ్లతోనే నాచు పెంచే విడి పెట్టె. నువ్వు వేసే మేత, చేపల మలం కలిసి అమ్మోనియా అవుతాయి. బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మామూలు ఫిల్టర్ పని చాలావరకు అక్కడితో సరి. ఆ నైట్రేట్ నీళ్లలోనే పేరుకుపోతుంది. నాచు మాత్రం దాన్ని తిని పెరుగుతుంది, ఫాస్ఫేట్‌నూ లాక్కుంటుంది. పెరిగిన నాచును మనం తీసేస్తే ఆ చెత్తంతా తొట్టి దాటి బయటికి పోయినట్టే. ఇంత చక్కటి ఏర్పాటు ఏ మిషన్‌లోనూ లేదని నా గట్టి నమ్మకం.

నీది 60 లీటర్ల తొట్టి, అడుగున రంధ్రం లేదు. కాబట్టి సంప్, అంటే తొట్టి కింద పెట్టే రెండో తొట్టి, జోలికి పోకు, వెనక అద్దానికి తగిలించే పెట్టె చాలు. చిన్న పంపు నీళ్లను పెట్టెలోకి ఎత్తుతుంది. పెట్టె నిండాక, మన పాకాల చెరువు మత్తడి దుంకినట్టు, నీళ్లు అంచు మీదుగా మళ్లీ తొట్టిలోకే పడతాయి. పంపు పైపు మూతి మాత్రం పెట్టెలో నీటిమట్టానికి పైనే ఉండాలి. మునిగి ఉంటే కరెంటు పోయినప్పుడు పెట్టెలోని నీళ్లు ఆ పైపులోంచే వెనక్కి పోతాయి. బిగించాక ప్లగ్ పీకి ఒకసారి చూసుకో. తర్వాత రాత్రి కరెంటు పోయినా టెన్షన్ ఉండదు. తొట్టిలో నీళ్లు తిప్పే పంపును ఇన్వర్టర్‌కు కలుపు, ఆక్సిజన్‌కు అదే ఆధారం.

నాచు అంటే కీటోమార్ఫా తెచ్చుకో, షాపులో చీటో అంటారు. చిక్కుపడ్డ పచ్చటి దారాల ఉండలా ఉంటుంది, దేనికీ వేళ్లూని అతుక్కోదు, తీయడం తేలిక. కాలెర్పా అనే ఇంకో నాచు అందంగా ఉంటుంది కానీ వద్దు. అది ఒక్కోసారి ఉన్నట్టుండి తనలోని సరుకంతా నీళ్లలోకి వదిలేసి తెల్లబడి చచ్చిపోతుంది, నీళ్లు పాలలా మసకబారుతాయి. చీటో తెచ్చాక ఉప్పునీళ్లలోనే జాడించు. పీతపిల్లలు, ఐప్టేసియా అనే కుట్టే చిన్న పూలలాంటి జీవులు ఉన్నాయేమో విడదీసి చూడు. అడుగున ఇసుక వేయకు, మురికి పట్టుకుంటుంది. లైవ్ రాక్, అంటే బ్యాక్టీరియా, చిన్న జీవులు పట్టిన సముద్రపు రాయి, ముక్కలు నాలుగు చాలు.

లైటుకు మామూలు తెల్ల ఎల్ఈడీ, 6500 కెల్విన్‌ది సరిపోతుంది. తొట్టి లైటు ఆరిపోయాక రాత్రిపూట వెలిగించు. చీకట్లో జీవులన్నీ కార్బన్ డయాక్సైడ్ వదలడంతో పీహెచ్ పడిపోతుంది, అంటే నీళ్లు ఆమ్లం వైపు జరుగుతాయి. ఆ సమయంలో చీటో దాన్ని పీల్చుకుంటే ఆ పతనం తగ్గుతుంది. పెట్టె చుట్టూ నల్ల షీటు అంటించు, చేపలు నిద్రపోవాలి కదా.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇప్పుడు చెప్తా. కొన్నాళ్లయ్యాక రాత్రి లైటు ఆర్పి, పెట్టె అద్దానికి టార్చ్ ఆనించి చూడు. ఆవగింజలో సగం కూడా లేని తెల్ల చుక్కలు ఆగి ఆగి ఎగురుతుంటాయి. అవే కోపెపాడ్‌లు, రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న జీవులు. అక్కడ వాటిని తినే చేప లేదు కాబట్టి నిశ్చింతగా పిల్లలు పెడతాయి. కొన్ని అంచు దాటి తొట్టిలోకి జారి నీ చేపలకు సజీవ మేత అవుతాయి. రెఫ్యూజియం అసలు పని ఇదే అంటాను నేను. అయితే ఇవి ఉన్నాయి కదా అని మాండరిన్ చేపను కొనకు. అది రోజంతా వీటినే ఏరుకు తింటుంది, 60 లీటర్ల తొట్టిలో దానికి కడుపు నిండదు.

మన ఎండాకాలం నీకు చెప్పనక్కర్లేదు. మేలో బయట 42, 43 డిగ్రీలు ఉంటే నీళ్లు 30 దాటిపోతాయి. నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెట్టు, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కానీ నీళ్లు ఆవిరై ఉప్పు గాఢత పెరుగుతుంది. రోజూ మంచినీళ్లే కలుపు, ఉప్పునీళ్లు కాదు. తొట్టి నీళ్ల సాంద్రత, మంచినీళ్లతో పోలిస్తే, 1.025 దగ్గర నిలవాలి. ఆ మంచినీళ్లు ఇంట్లో తాగే ఆర్‌ఓవి అయితే ముందు టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు, కొలిచే మీటర్ పెట్టి చూడు. చాలా ఆర్‌ఓల్లో రుచి కోసం కొంత శుద్ధి చేయని నీళ్లను కలిపే ఏర్పాటు ఉంటుంది. అది మూయించు, వీలైతే మిగిలిన లవణాలను లాగేసే డీఐ క్యాట్రిడ్జ్ కూడా పెట్టించు.

పెట్టె నాచుతో నిండినప్పుడల్లా చీటోలో మూడో వంతు తీసెయ్. ఉప్పు ఉంటుంది, పూలకుండీల్లో వేయొద్దని పిన్నికి చెప్పు. నైట్రేట్ 5, 10 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఉంటే చాలు. సున్నాకు పడితే చీటో కూడా పాలిపోతుంది, అప్పుడు లైటు గంటలు తగ్గించు.

తొట్టి వెనక గోడకూ అద్దానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో టేపుతో కొలిచి పంపు. పెట్టె సైజు చూసి చెప్తా. వచ్చే ఆదివారం నీకు వీలైతే బస్సెక్కి రా. నా దాంట్లోంచి పిడికెడు చీటో ఇస్తా, కోపెపాడ్‌లు దాంతో పాటే వస్తాయి. మూతున్న డబ్బా తెచ్చుకో.

ఉంటా మరి,
నీ దోస్త్