"చిన్న సీసాయే కదా" అన్నారు: కరిగిపోయి వచ్చిన లామినిన్‌పై ఫిర్యాదు

హైదరాబాద్,
12-04-2024

ప్రాంతీయ సేల్స్ మేనేజర్ గారికి,

విషయం: మార్చి 26న అందిన 3 లామినిన్ (నరాల కణాలు పట్టుకుని పెరిగేలా గాజు మీద పూసే ప్రోటీన్) వయల్స్ పాడై రావడం, వాటికి బదులు పంపడానికి మీరు ఒప్పుకోకపోవడం గురించి.

అయ్యా,

ఇంగ్లీషులో ఇప్పటికి మూడు మెయిళ్లు పెట్టాను. మూడింటికీ ఒకే జవాబు వచ్చింది, పైన తేదీ ఒక్కటే వేరు. ఉగాది మర్నాడు ఫోన్ చేస్తే మీరు తెలుగులోనే మాట్లాడారు. "ఏముందమ్మా, చిన్న సీసాయే కదా, దానికింత టెన్షన్ ఎందుకు" అన్నారు. అందుకే ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. ఆ చిన్న సీసా గురించే రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను. డ్రై ఐస్‌లో పంపుతామని మీ కొటేషన్‌లో రాసి ఉంది. పార్సిల్ మార్చి 21 గురువారం మీ గోడౌన్ నుంచి బయల్దేరింది. శుక్రవారం సాయంత్రానికి శంషాబాద్ చేరిందని ట్రాకింగ్ చూపించింది. ఆ తర్వాత శనివారం, ఆదివారం, సోమవారం హోలీ. మూడు రోజులూ అది అక్కడే ఉంది. మంగళవారం పొద్దున పదకొండున్నరకు మా గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ల చేతికిచ్చి వెళ్లిపోయారు.

థర్మోకోల్ మూత తీస్తే తెల్లటి పొగ రావాలి. ఏమీ రాలేదు. డ్రై ఐస్ కరిగితే నీళ్లు కూడా మిగలవు కదా, డబ్బా ఖాళీగా, పొడిగా ఉంది. లోపల థర్మామీటర్ పెడితే 29 డిగ్రీలు చూపించింది. గడ్డకట్టి రాయిలా ఉండాల్సిన లామినిన్ వయల్‌ని వంచితే అటూ ఇటూ కదులుతోంది. మూడింట్లో ఒకదాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే నానిన సబ్జా గింజ చుట్టూ పట్టే జిగురులాంటి ముద్ద కనిపించింది. ఫొటోలు, వీడియో తీసి పన్నెండు గంటల పది నిమిషాలకే మీకు మెయిల్ చేశాను. కాబట్టి "48 గంటల్లోపు తెలపలేదు" అన్న మీ మాట నిలవదు.

లామినిన్‌ను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోంచి తీశాక రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, మెల్లగా కరగనివ్వాలి. వేడికి గబగబా కరిగిస్తే ముద్ద కడుతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, వయల్‌తో పాటు మీరు పంపిన కాగితంలోనే ఉంది.

ఇక ఆ సీసాతో మేమేం చేస్తామో చెప్తాను. గ్లియోబ్లాస్టోమా అని మెదడులో వచ్చే ట్యూమర్ ఉంది. అది మెదడు దాటి ఒంట్లోకి పాకడం చాలా అరుదు, మెదడు లోపల మాత్రం ఆగదు. 1928లో వాల్టర్ డాండీ అనే అమెరికన్ సర్జన్ ఇలాంటి ట్యూమర్లున్న రోగులకు ఏకంగా మెదడు కుడి అర్ధభాగాన్ని తీసేశారు. అయినా ట్యూమర్ తిరిగొచ్చింది. కత్తి చేరేలోపే కణాలు అవతలి వైపుకి వెళ్లిపోయి ఉంటాయి. అవి ఏ దారిన వెళ్తాయో 1938లో షేరర్ అనే పాథాలజిస్ట్ మైక్రోస్కోప్‌లో చూసి రాశారు: రక్తనాళాల వెంట, నరాల పోగుల వెంట. 2005లో రేడియేషన్‌కు టెమోజోలమైడ్ మందు కలిపితే సగం మంది రోగులు బతికిన కాలం 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగిందని తేలింది. రెండున్నర నెలలు. ఈ జబ్బులో అదే పెద్ద వార్త.

మేం చూస్తున్నది ఆ పోగుల వెంట నడకనే. కోడి గుడ్లను తొమ్మిది రోజులు పొదిగించి, పిండం వెన్ను పక్కనుండే నరాల ముడులను ఒక్కొక్కటీ సూదిమొనలాంటి ఫోర్సెప్స్‌తో తీస్తాం. లామినిన్ పూత వేసిన గాజు మీద, నరాల పెరుగుదల ప్రోటీన్ కలిపిన ద్రవంలో వాటిని ఉంచితే, రెండు రోజుల్లో ముడి చుట్టూ సూర్యకిరణాల్లా పోగులు వస్తాయి. ఆ పోగుల మీద మెరిసే రంగున్న ట్యూమర్ కణాలను వదిలి, పది నిమిషాలకో ఫొటో చొప్పున తీస్తాం. ఉత్త ప్లాస్టిక్ మీద ఆ కణం దిక్కు లేకుండా తిరుగుతుంది. పోగు దొరికిందా, సన్నగా సాగి, ముందుకో కాలు చాపి, కాసేపు ఆగి, కేంద్రకాన్ని ఒక్క కుదుపుతో ముందుకు లాక్కుంటుంది. మళ్లీ ఆగుతుంది. గంటకు కొన్ని పదుల మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), అంతే. (కోడిపిండం వెన్ను దగ్గరి నరం మనిషి మెదడు నరం కాదు, ఆ సంగతి మాకూ తెలుసు. పొడుగాటి పోగులు మా బడ్జెట్‌లో ఇలా దొరుకుతాయి.)

ఈ నడకను ట్యూమర్ మీదకే తిప్పవచ్చని 2014లో చూపించిన బృందానికి నాయకుడు రవి బెల్లంకొండ. మన ఉస్మానియాలో బయోమెడికల్ ఇంజినీరింగ్ చదివిన మనిషి. వరుసగా పేర్చిన సన్నని పాలిమర్ పోగులను ఎలుక మెదడులో పెడితే, ట్యూమర్ కణాలు వాటినే దారి అనుకుని బయటికి నడిచొచ్చి, మందు కలిపిన జెల్‌లో పడ్డాయి. మేం ఉన్నది ఆ పనికి చాలా వెనక, అసలు కణం పోగును ఎలా పట్టుకుంటుందో చూసే దగ్గర. ఆ పట్టుకి మొదటి మెట్టు మీ సీసా. తమాషా ఏమిటంటే, 1979లో లామినిన్‌ను మొదట వేరు చేసింది ఎలుకకు వచ్చే ఒక ట్యూమర్ నుంచే. ఇప్పటికీ మీరు అమ్మేది దాన్నుంచి తీసిందే.

మార్చి 27న మీ టెక్నికల్ విభాగం "ప్రోడక్ట్ స్టేబుల్‌గానే ఉంటుంది, వాడి చూసి చెప్పండి" అంది. వాడి చూశాం. మార్చి 23కల్లా సరుకు వస్తుందని మీరు చెప్తే 19నే రెండు డజన్ల గుడ్లు పొదుగుకు పెట్టాం. గుడ్డులోని పిండం కొరియర్ కోసం ఆగదు. 28న సగం ప్లేట్లకు మీ కొత్త లామినిన్, మిగతా సగానికి పక్క ల్యాబ్ వాళ్లను అడిగి తెచ్చిన పాతది పూశాను. ఆ పాతది కూడా మీ కంపెనీదే, నిరుడు కొన్నది, ఫ్రీజర్‌లోంచి కదలనిది. గుడ్లు అవే, చెయ్యి నాదే, రోజు అదే. పాత లామినిన్ మీద కిరణాలు బ్రహ్మాండంగా వచ్చాయి. కొత్తదాని మీద పోగులు అక్కడక్కడ, పొట్టిగా, ఒకదానికొకటి చుట్టుకుని జడల్లా ఉన్నాయి. కొన్ని ముడులు గాజు మీద నుంచి ఊడి తేలాయి. వాటి మీద వదిలిన ట్యూమర్ కణాలు ఎక్కడివక్కడ గుండ్రంగా కూర్చున్నాయి. రెండు రకాల ఫొటోలూ జతపరిచాను.

దీనికి మీరిచ్చిన జవాబు: "హ్యాండ్లింగ్ లోపం కావచ్చు, కోటింగ్ ప్రోటోకాల్ మరోసారి చూసుకోండి." నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ వాక్యమే. నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఒక పూట పోగులు రాకపోతే ముందు నన్ను నేనే అనుమానించుకుంటాను. అందుకే పాత లామినిన్ తెచ్చి పక్కన పెట్టాను. ఆ పోలిక చూశాక కూడా తప్పు నా చేతి మీద వేస్తే ఊరుకోలేను.

మా వైపు తప్పు ఒకటుంది, ఒప్పుకుంటాను. హోలీ సెలవని తెలిసీ, శుక్రవారం నాడే మీకు ఫోన్ చేసి పార్సిల్ సంగతి అడగాల్సింది. కానీ వారాంతం ముందు గురువారం నాడు డ్రై ఐస్ పార్సిల్ కదిలించింది మీరు.

బిల్లు 60 వేలు దాటింది. అది మార్చి 31తో ముగిసిన ఏడాది గ్రాంటు డబ్బు. ఆ పద్దులో మళ్లీ కొనడానికి వీల్లేదు. వాడలేని సరుకుకు డబ్బు చెల్లించామని మా సారు గ్రాంటు ఖర్చుల లెక్క చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌లో ఎలా రాస్తారో మీరే చెప్పండి.

నేను అడిగేవి ఎక్కువేం కాదు. మూడు వయల్స్ వేరే లాట్ నుంచి, ఖర్చు లేకుండా పంపండి. సోమవారం గానీ మంగళవారం గానీ బయల్దేరదీయండి, డబ్బాలో దారి పొడవునా ఉష్ణోగ్రత నమోదుచేసే టెంపరేచర్ లాగర్ పెట్టండి. పాత వయల్స్ రవాణాలో పాడయ్యాయని ఆడిట్ ఫైలు కోసం ఒక కాగితం ఇవ్వండి. "హ్యాండ్లింగ్ లోపం" అన్న మాటను రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. ఇది జరగకపోతే ఈ ఉత్తరం, ఫొటోలు మా పర్చేజ్ కమిటీ ముందు పెడతాం. వచ్చే ఏడాది వెండర్ల జాబితా తయారుచేసేది వాళ్లే.

పాడైన మూడు వయల్స్ పారేయలేదు, ఫ్రీజర్‌లో విడిగా పెట్టి ఉంచాను. మీ మనిషి ఎప్పుడొచ్చినా చూపిస్తాను. ఏప్రిల్ 29న మళ్లీ గుడ్లు పొదుగుకు పెడుతున్నాం, మే 8న ముడులు తీస్తాం. అప్పటికి లామినిన్ మా ఫ్రీజర్‌లో ఉండాలి.

ఇట్లు,
సీనియర్ రీసెర్చ్ ఫెలో,
న్యూరోబయాలజీ ల్యాబ్

జతపరిచినవి: ఇన్వాయిస్, ట్రాకింగ్ కాపీ, మార్చి 26 నాటి ఫొటోలు, రెండు రకాల ప్లేట్ల ఫొటోలు, మీ మెయిళ్ల కాపీలు.