ఫ్లైవీల్ ప్రయోగం ఇరుసు దగ్గర మొదలవ్వాలి

సంపాదకులకు,

ఫ్లైవీల్ (తిరుగుతూ శక్తిని దాచుకునే బరువైన చక్రం) ప్రయోగాల్ని ఏళ్ల తరవాత మళ్లీ చేపట్టేవాళ్లు తరచుగా ఒకే చోట దెబ్బతింటారు. ముందు బరువైన చక్రం వెతికి తెచ్చుకుంటారు. దాన్ని చేతికందిన కడ్డీకి బిగించి, డ్రిల్లుతో తిప్పి, బల్లంతా వణికిపోయేసరికి నిరాశపడి మూలన పెట్టేస్తారు. ఆ వణుకు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే ఇంత మంచి అభిరుచిని వదులుకోనక్కర్లేదు. మీ విజ్ఞాన పేజీ పాఠకుల కోసం ఆ వివరాలు రాస్తున్నాను.

200 మిల్లీమీటర్ల వ్యాసం, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు బిళ్లను తీసుకుందాం. బరువు సుమారు 4.9 కిలోలు. నిమిషానికి 1000 చుట్లు తిరిగేటప్పుడు దానిలో ఉండే శక్తి దాదాపు 135 జౌల్స్. 3000 చుట్లకు వెళ్తే అది 1200 దాటుతుంది. వేగం మూడింతలైతే శక్తి తొమ్మిదింతలన్నమాట. ఆ 1200 జౌల్స్‌తో అదే బిళ్లను 25 మీటర్ల ఎత్తుకు లేపవచ్చు. ఏదైనా ఊడితే మనమీదికి వచ్చేదీ అంత శక్తే. అందుకే కొత్త అమరికను మొదట 1000 చుట్లు దాటనివ్వకూడదు.

ఇక ఇరుసు. పొడవునా మరలున్న కడ్డీ తేలిగ్గా దొరుకుతుంది కానీ తిన్నగా ఉండదు. సానపట్టి తిన్నగా, నునుపుగా చేసిన ఉక్కు కడ్డీ (గ్రౌండ్ రాడ్) వాడాలి. మందం, బేరింగుల మధ్య దూరం రెండూ ముఖ్యమే. 8 మిల్లీమీటర్ల కడ్డీని 200 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు బేరింగుల మీద పెట్టి, నడుమ ఈ బిళ్లను బిగిస్తే, లెక్క ప్రకారం 2100 చుట్ల ప్రాంతంలో ఇరుసే విల్లులా వంగి ఊగిపోతుంది. బేరింగుల్ని 100 మిల్లీమీటర్లకు దగ్గర చేస్తే ఆ బెడద 6000 చుట్ల దాకా రాదు. 15 మిల్లీమీటర్ల ఇరుసు, దానికి సరిపోయే 6202 నంబరు బేరింగులు వాడితే 200 మిల్లీమీటర్ల ఎడంలోనూ 7000 దాటాకే వస్తుంది. చక్రం బాగాలేదని పారేసినవాళ్లలో ఎంతమంది అసలు తప్పు ఇరుసుదని గమనించి ఉంటారు!

బేరింగును ఇరుసు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగునే నెట్టాలి. గూట్లోకి దించేటప్పుడు బయటి రింగును నెట్టాలి. ఇది తిరగేస్తే దెబ్బ గోళీల మీద పడి, వాటి దారిలో సన్నని గుంటలు పడతాయి. వేళ్లతో మెల్లగా తిప్పితే టిక్కుటిక్కుమని తగులుతుంది. ఆ బేరింగు ఇక పనికిరాదు.

బిళ్లను గ్రబ్ స్క్రూతో (పక్కనుంచి ఇరుసును నొక్కే తలలేని చిన్న మరతో) బిగించడం ఇంకో పొరపాటు. రంధ్రం ఇరుసు కన్నా 0.1 మిల్లీమీటరు వదులుగా ఉందనుకోండి. స్క్రూ బిళ్లను 0.05 మిల్లీమీటరు పక్కకు లాగేస్తుంది. కంటికి ఆనని ఆ తేడాకే, 3000 చుట్ల దగ్గర సుమారు రెండున్నర కిలోల లాగుడు సెకనుకు 50 సార్లు చుట్టూ తిరుగుతూ బేరింగుల్ని బాదుతుంది. ఇరుసు మీద ఒక ఫ్లాంజ్ (బోల్టు రంధ్రాలున్న గుండ్రని పళ్లెం) బిగుతుగా కూర్చోబెట్టి, దానికి బిళ్లను బోల్టులతో బిగించాలి. తరవాత మొత్తాన్ని లేత్ మీద, ఇరుసు రెండు చివర్లను పట్టే మొనల (సెంటర్ల) మధ్య పెట్టి బిళ్ల అంచును చివరగా సన్నగా కోయాలి.

బ్యాలెన్సు చూడటానికి చక్రాన్ని బేరింగుల్లో తిప్పి చూస్తే చాలదు, చిన్న తేడాల్ని ఘర్షణ దాచేస్తుంది. సమమట్టంగా అమర్చిన రెండు తిన్నని ఉక్కు అంచుల మీద ఇరుసును వదలండి. బరువు వైపు కిందికి దొర్లుతుంది. దానికి ఎదురుగా మైనం అంటిస్తూ పోండి. ఎక్కడ వదిలితే అక్కడ నిలిచాక ఆ మైనాన్ని తూచి, బరువు వైపున అంతే దూరంలో అంత ఉక్కు డ్రిల్లుతో తీసేయాలి. 8 మిల్లీమీటర్ల రంధ్రం 10 మిల్లీమీటర్ల లోతు వేస్తే దాదాపు 4 గ్రాములు పోతాయి.

ఫలితాన్ని పురికొసతో కొలవొచ్చు. ఇరుసు మీద 20 మిల్లీమీటర్ల వ్యాసం డ్రమ్ముకు సన్నని తాడు చుట్టి అర కిలో బరువు వేలాడదీయండి. మొదట చెప్పిన ఉక్కు బిళ్ల అయితే, ఘర్షణ లేకుంటే, ఆ బరువు మీటరు దిగడానికి సుమారు 10 సెకన్లు పడుతుంది. 11 పట్టిందంటే తేడా ఘర్షణది. చక్రాన్ని వేలితో ఒకసారి నెడితే అదే వేగంతో నెమ్మదిగా తిరుగుతూ ఉండేందుకు ఎంత చిన్న బరువు సరిపోతుందో ముందు చూసుకోండి. దాన్ని అర కిలోకు కలిపి మళ్లీ సమయం చూడాలి. చక్రానికి ఇచ్చిన శక్తిలో కొంత ఘర్షణకు పోతూనే ఉంటుంది కనక, ఫ్లైవీల్‌తో ఉచిత కరెంటు వస్తుందని నమ్మినవారు ఈ పరీక్ష తప్పక చేయాలి.

ప్లైవుడ్ చక్రం అంచుకు బోల్టులు బిగించి బరువు పెంచేవారికి ఒక్క మాట. 100 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో ఉన్న 50 గ్రాముల బోల్టు, 3000 చుట్ల దగ్గర 50 కిలోలు వేలాడదీసినంత బలంగా బయటికి లాగుతుంది. ప్లైవుడ్ తట్టుకోదు. ఉక్కు చక్రానికైనా ఉక్కు తొడుగు పెట్టాలి, తిరిగేటప్పుడు అంచుకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

పాఠకులు తమ చక్రం కొలతలు, బేరింగు నంబరు, పురికొస పరీక్ష సమయం పంపితే మీ పేజీలో పట్టికగా వేయమని కోరుతున్నాను. మరొకరు ఇంట్లో అదే పరీక్ష చేసి తమ అంకెతో పోల్చుకోగలుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు