ప్యాసివ్ వాయిస్ ఎక్సర్‌సైజులు మార్చండి

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు దగ్గర పడ్డాయంటే పేపర్ల విద్యా పేజీల్లో ఇంగ్లీషు గ్రామర్‌లోని యాక్టివ్, ప్యాసివ్ వాయిస్ పట్టికలు మొదలవుతాయి, మీ పేపర్లో కూడా. ఎడమవైపు యాక్టివ్ వాక్యం, అంటే పని చేసినవాళ్లు ముందు వచ్చేది, కుడివైపు ప్యాసివ్, అంటే పని దేని మీద జరిగిందో అది ముందు వచ్చేది, పక్కన టెన్స్ (కాలం) పేరు. మా పిల్లలు వాటిని కత్తిరించి నోట్సులో అంటించుకుంటారు, అందుకే మీకు రాస్తున్నాను. ఆ పట్టికల్లో ఉన్నది తప్పని నేననను. కానీ అవి ఇచ్చిన వాక్యాన్ని తిరగేయడం వరకే నేర్పుతాయి. ఏ టెన్స్ వాడాలి, యాక్టివా ప్యాసివా అని పిల్లాడు తనంతట తాను తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు అవి అక్కరకు రావు. బడి దాటాక అవసరమయ్యేది ఆ తేల్చుకోవడమే.

పదో తరగతి వాళ్లకు "రాము రోట్ ఎ లెటర్" అని ఇచ్చి చూడండి, "ఎ లెటర్ వజ్ రిటెన్ బై రాము" అని ఠక్కున చెప్పేస్తారు. అదే పిల్లలకు బడి ముందు తవ్వి పడేసిన రోడ్డు చూపించి ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పమంటే "రోడ్ ఈజ్ రిపేర్డ్" అంటారు. పని ఇంకా నడుస్తోంది కదా, "ద రోడ్ ఈజ్ బీయింగ్ రిపేర్డ్" అనాలి. తారు వేసి బళ్లు వదిలాక "హాజ్ బీన్ రిపేర్డ్". పోయిన మార్చిలో చేశారంటే "వజ్ రిపేర్డ్ లాస్ట్ మార్చ్". ఏటా వానలకు ముందు చేస్తుంటారు అని చెప్పదలుచుకుంటే అప్పుడు "ఈజ్ రిపేర్డ్ ఎవ్రీ ఇయర్". అన్నిట్లోనూ రిపేర్డ్ అలాగే ఉంది, పిల్లల భాషలో చెప్పాలంటే వీ త్రీ, అంటే క్రియ మూడో రూపం, కదల్లేదు, కాలం చెప్పేదంతా దాని ముందున్న ఈజ్, ఈజ్ బీయింగ్, వజ్, హాజ్ బీన్‌లే. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే బట్టీ సగం తగ్గిపోతుంది. రెండు నెలల నుంచీ చేస్తూనే ఉన్నారని చెప్పాలంటే "దే హావ్ బీన్ రిపేరింగ్ ద రోడ్ ఫర్ టూ మంత్స్" అని యాక్టివ్‌లోనే చెప్పుకోవాలి, దాన్ని పట్టుబట్టి తిప్పితే "హాజ్ బీన్ బీయింగ్ రిపేర్డ్" అని నోరు తిరగని వాక్యం తయారవుతుంది, మామూలుగా ఎవరూ అలా అనరు.

మన పిల్లల తప్పులు ఎక్కడ నుంచి వస్తున్నాయో చూస్తే వాళ్ల మీద కోపం రాదు. ఫలితాలు నిన్న వచ్చినా, ఇప్పుడే వచ్చినా మనం "వచ్చాయి" అనే అంటాం. ఇంగ్లీషులో నిన్న అని చెప్తే "వర్ అనౌన్స్‌డ్ ఎస్టర్‌డే", ఎప్పుడన్నది ఎత్తకుండా వచ్చేశాయి చూసుకోండి అంటే "హావ్ బీన్ అనౌన్స్‌డ్". ఈ రెండూ కలిపేసి "హావ్ బీన్ అనౌన్స్‌డ్ ఎస్టర్‌డే" అని చదువుకున్నవాళ్లు కూడా రాసేస్తుంటారు. "రోజూ ఆరింటికి లేస్తాను, రేపు ఐదింటికి లేస్తాను" అన్నప్పుడు తెలుగులో క్రియ ఒకటే, అందుకే "డైలీ ఐ విల్ గెటప్ ఎట్ సిక్స్" అని వస్తుంది. క్లాసులో ఈ తేడా తెలుగులోనే పది నిమిషాలు మాట్లాడితే పిల్లలు వెంటనే పట్టుకుంటారు, నేను చూస్తూనే ఉన్నాను. ఇంగ్లీషు పీరియడ్లో తెలుగు వినపడకూడదు అనే పట్టుదల ఇక్కడ పిల్లలకు చేటే చేస్తోందని నా అభిప్రాయం.

ప్యాసివ్ ఎప్పుడు వాడాలన్నదీ తెలుగు నుంచే చెప్పొచ్చు. "ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేశారు" అంటాం. ఎవరు అన్నది చెప్పం, చెప్పకపోయినా మన వాక్యానికి లోటు లేదు. ఇంగ్లీషు వాక్యానికి మాత్రం మొదట్లో ఒక సబ్జెక్టు కావాలి, అందుకని ఆనకట్టనే ముందుకు తెచ్చి "ది ఆనికట్ వజ్ కంప్లీటెడ్ ఇన్ 1852" అంటారు. కట్టించింది కాటన్ దొర అని చెప్పడమే మన ఉద్దేశమైతే "బై" పెట్టాలి, లేకపోతే అక్కర్లేదు. మన పట్టికల్లోనేమో "మై బైక్ హాజ్ బీన్ స్టోలెన్ బై సమ్‌వన్" లాంటి వాక్యాలు కనిపిస్తాయి. బండి పోయిందని స్టేషన్‌కి వెళ్లినవాడికి ఆ "బై సమ్‌వన్" ఎందుకు చెప్పండి.

ఇంకో చిక్కు ఇంగ్లీషు పేపర్ల హెడ్డింగులతో. "టూ కిల్డ్ ఇన్ రోడ్ యాక్సిడెంట్" అని చోటు కోసం "వర్" తీసేస్తారు, హెడ్డింగుకు అది చెల్లుతుంది. పిల్లలు అదే చూసి లీవ్ లెటర్‌లో "మై అంకుల్ ఆపరేటెడ్ ఎస్టర్‌డే" అని రాస్తారు. మావయ్యకు ఆపరేషన్ అయిందని కాదు, మావయ్యే ఎవరికో ఆపరేషన్ చేశాడని అర్థం వస్తుంది. "వజ్ ఆపరేటెడ్ ఆన్" అనాలి. దీనికి పూర్తి ఎదురుగా, అక్కర్లేని చోట వజ్ తగిలించే అలవాటు. "ది యాక్సిడెంట్ వజ్ హ్యాపెన్డ్" అంటారు, హ్యాపెన్‌కి ఆబ్జెక్టే ఉండదు, ప్యాసివ్ ఎక్కడ నుంచి వస్తుంది? ఇంటర్వ్యూలో "ఐ వజ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2022" అని మొదలుపెడతారు. నాకు చాలా బాధగా ఉండేది ఇదే. సబ్జెక్టు బాగా వచ్చిన కుర్రాడు, కోడ్ రాయమంటే రాయగలడు, నోరు తెరిచిన మొదటి వాక్యంతోనే ఎదుటివాళ్ల దృష్టిలో తగ్గిపోతాడు, ఆ తర్వాత టెన్షన్‌లో వచ్చిందీ మర్చిపోతాడు. "ఐ కంప్లీటెడ్" అంటే చాలు. 2022 అని చెప్తున్నాం కాబట్టి "హావ్ కంప్లీటెడ్" కూడా కుదరదు.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల్లో వాయిస్ మార్చే ప్రశ్నలు వస్తాయి కాబట్టి పట్టికలు ఆపేయమని అడగను. వారానికోసారి వాటి పక్కన ఒక చిన్న వార్త వేసి, క్రియల చోట ఖాళీలు వదలండి. గోదావరి వరద తీసుకోండి. ధవళేశ్వరం దగ్గర గేట్లు ఎత్తుతున్నారు, రెండో ప్రమాద హెచ్చరిక జారీ చేశారు, లంక గ్రామాల వాళ్లను నిన్న రాత్రే తరలించారు, నీటిమట్టం ఇంకా పెరుగుతోంది. "ఆర్ బీయింగ్ లిఫ్టెడ్", "హాజ్ బీన్ ఇష్యూడ్", "వర్ షిఫ్టెడ్ లాస్ట్ నైట్", చివరిదానికి మటుకు "ఈజ్ రైజింగ్", అది యాక్టివే. జవాబుల దగ్గర వట్టి జవాబే వేసి వదిలేయకుండా, ఏ మాటను బట్టి ఆ టెన్స్ వచ్చిందో ఒక్క లైను రాయండి. కొన్ని ఖాళీలకు రెండు జవాబులు కుదురుతాయి, అలాంటప్పుడు రెండూ వేసి, దేనికి ఏ అర్థమో చెప్పండి.

ఇట్లు,
ఒక ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంట్,
తూర్పు గోదావరి జిల్లా