మెట్ల మీద కూర్చుని విన్న మూడో మాట

చిట్టీ,

మొన్న ఫోన్లో అడిగావు కదా, గుడ్ ఫ్రైడే రోజు పన్నెండు నుంచి మూడు దాకా ఎనిమిది నెలల పిల్లాడితో చర్చిలో ఎలా కూర్చోవాలమ్మా అని. మీ నాన్న పక్కనుంచి ఏదో అడుగుతుంటే చూద్దాంలే అనేశాను. ఇప్పుడు నిదానంగా రాస్తున్నా. కూర్చోలేకపోతే కూర్చోకు.

నీకెప్పుడూ చెప్పలేదు గానీ, నీకు ఏడాది నిండని రోజుల్లో నేనూ పట్టుదలకి పోయి వెళ్ళాను, పైగా ఉపవాసంతో. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో రెండో మాట మీద ప్రసంగం అయ్యేసరికి నువ్వు ఏడుపు అందుకున్నావు, ముందు వరుసలోంచి ఒక పెద్దాయన వెనక్కి తిరిగి చూసిన చూపుకి తలెత్తుకోలేక నిన్నెత్తుకుని బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. నాకేమో కళ్ళు తిరుగుతున్నాయి, నువ్వేమో పాల కోసం ఒకటే గోల. అప్పుడు లోపలినుంచి మైకులో మూడో మాట వినబడింది, "అమ్మా, యిదిగో నీ కుమారుడు". చిన్నప్పటినుంచి వింటున్నదే. కానీ ప్రాణం పోతున్న సమయంలో కూడా అమ్మని ఎవరి ఇంట్లో ఉంచాలా అని చూసుకున్నాడే అని ఆ మెట్ల మీదే మొదటిసారి తట్టింది. నిన్ను ఒళ్ళో వేసుకుని ఏడ్చాను. మిగతా నాలుగు మాటలు ఏం చెప్పారో అడగొద్దు.

అందుకని ఈసారి మా అల్లుడబ్బాయీ నువ్వూ వంతులు వేసుకోండి, సగం సేపు ఒకరు, సగం సేపు ఒకరు. ఉపవాసం మాత్రం వద్దు, పాలిచ్చేదానివి. ఏదో ఒకటి మానాలనుకుంటే ఆ మూడు గంటలూ ఫోన్ మానెయ్, నీకు అన్నం మానడం కన్నా అదే కష్టం!

ఇంట్లో ఉన్న సగంలో ఏడు మాటలూ నువ్వే చదువుకో. అవి బైబిల్లో ఒకేచోట ఉండవు, లూకా సువార్తలో మూడు, యోహాను సువార్తలో మూడు. "ఏలీ, ఏలీ" అనే నాలుగో మాట మత్తయిలోనూ, "ఎలోయీ" అని మార్కులోనూ ఉంటుంది. వాళ్ళిద్దరూ సిలువ మీద మాటల్లో రాసింది అదొక్కటే. మూడో మాట యోహాను 19లో ఉంది, యేసు తల్లిని అప్పగించిన శిష్యుడు ఆ గడియ నుంచే ఆమెను తన ఇంట చేర్చుకున్నాడన్న తర్వాతి వాక్యం వదిలెయ్యకు. ముందురోజు గురువారం ప్రభువు బల్లకి, అదే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనకి, వెళ్ళడం కుదరకపోతే యోహాను 13, కాళ్ళు కడిగిన సంగతి, ఇద్దరూ కలిసి చదవండి చాలు.

నాకు గుచ్చుకునేది శనివారం. శుక్రవారం ఏడ్చేసి, ఆదివారం పాటల ప్రాక్టీసూ బట్టల ఇస్త్రీ హడావుడిలో ఆ రోజుని మింగేస్తాం. లూకా 23 చివర చూడు, యేసు వెంట వచ్చిన ఆడవాళ్ళు ఆయన శరీరానికి సుగంధద్రవ్యాలు సిద్ధం చేసుకుని కూడా శనివారం విశ్రాంతిదినమని ఎక్కడికీ వెళ్ళకుండా ఉండిపోయారు. చేతినిండా పని పెట్టుకుని కదల్లేక కూర్చోవడం ఎలా ఉంటుందో ఇప్పుడు నీకు వేరే చెప్పాలా? ఆ రోజు వాడు నిద్రపోతే నువ్వూ పడుకో, ఇల్లు సర్దకు.

అన్నట్టు ఈస్టర్ తేదీ ఏటా ఎందుకు మారుతుందని అబ్బాయి అడిగాడట. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటాక వచ్చే ఆదివారం అని చెప్పు. అందుకే 2025లో ఏప్రిల్ 20న వచ్చింది, 2026లో 5కే వచ్చేసింది.

ఆదివారం ఆరాధన మీ చర్చిలో ఎన్నింటికో కనుక్కుని రాయి. తెల్లవారుజామునైతే పిల్లాడికి టోపీ పెట్టు, మర్చిపోకు.

అమ్మ