బోస్టన్ రాక్ రేడియో మూతకు ఇంటర్నెట్ ఒక్కటే కారణం కాదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

అమెరికాలో ప్రాంతీయ రాక్ రేడియో స్టేషన్లు ఒక్కొక్కటిగా కనుమరుగవడం గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పాటలన్నీ ఫోన్‌లోకి వచ్చేశాక రేడియో పెట్టుకునే అవసరం ఎవరికీ లేకపోయిందని, ఆ స్టేషన్లు పోవడానికి అదే కారణమని వ్యాసకర్త తేల్చారు. అందులో కొంత నిజం ఉంది. అయితే రేడియో లైసెన్సు ఎవరి చేతిలో ఎన్ని ఉండవచ్చునన్న చట్టం మారిన సంగతిని వ్యాసం ఒక్క మాటైనా ప్రస్తావించకపోవడం నాకు పెద్ద లోపంగా తోచింది. 1980ల చివర బోస్టన్‌లో చదువుకుంటూ, రాత్రిళ్లు ఎఫ్ఎం 104.1 మీద వచ్చే డబ్ల్యూబీసీఎన్ అనే రాక్ స్టేషన్ వింటూ గడిపిన శ్రోతగా, దాని చరిత్రనే ఉదాహరణగా తీసుకుని నా అభ్యంతరాన్ని వివరిస్తాను.

ఆ స్టేషన్ 1958లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కోసం మొదలైంది. పేరు చివరనున్న మూడక్షరాలు బోస్టన్ కాన్సర్ట్ నెట్‌వర్క్‌కు పొడి అక్షరాలు. ఆ రోజుల్లో శ్రోతలూ ప్రకటనలూ ఎఫ్ఎం కన్నా పాతదైన ఏఎం ప్రసారాల వైపే ఉండేవి. రెండూ చేతిలో ఉన్న యజమానులు ఏఎంలో వచ్చేదాన్నే ఎఫ్ఎంలోనూ వదిలి ఊరుకునేవారు. అమెరికాలో ప్రసారాలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1964లో దీనికి అడ్డుకట్ట వేసింది. లక్షకు మించి జనాభా ఉన్న నగరాల్లో ఎఫ్ఎం స్టేషన్ తన ప్రసార సమయంలో సగానికి మించి ఏఎం కార్యక్రమాలనే తిరిగి వినిపించరాదని నిబంధన పెట్టింది. యజమానులు గడువులు పొడిగించుకుంటూ వచ్చినా 1967 నాటికి అది అమలులోకి వచ్చింది. ఖాళీ అయిన ఆ గంటలను నింపడానికి ఖర్చు తక్కువైన, కొత్తదైన సరుకు కావలసి వచ్చింది. న్యూయార్క్‌లో డబ్ల్యూఓఆర్ ఎఫ్ఎం 1966లోనే రాక్‌కు మళ్లింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కేఎంపీఎక్స్ స్టేషన్‌లో టామ్ డొనహ్యూ అనే డీజే 1967 ఏప్రిల్‌లో ప్రసారం మొదలుపెట్టి, ఎల్పీ రికార్డుల్లోని నిడివైన పాటలకు చోటిచ్చారు. డబ్ల్యూబీసీఎన్‌కు అదే యజమాని నడిపే ఏఎం తోబుట్టువు లేదు కనుక ఆ నిబంధన దానికి నేరుగా వర్తించలేదు, కానీ ఆ నిబంధన తెరిచిన బాటలోనే అదీ నడిచింది.

శాస్త్రీయ సంగీతంతో స్టేషన్ ఆర్థికంగా నెగ్గుకురాలేకపోతున్న సమయంలో, బోస్టన్ టీ పార్టీ అనే సంగీత ప్రదర్శనశాలను నడుపుతున్న న్యాయవాది రే రీపెన్ రాత్రి వేళలను రాక్‌కు ఇవ్వమని యజమానిని ఒప్పించారు. 1968 మార్చి 15 రాత్రి జో రోజర్స్ అనే యువకుడు క్రీమ్ బృందం పాటతో కార్యక్రమం ప్రారంభించారు. కొద్ది నెలల్లోనే రోజంతా రాక్ వినిపించసాగింది. తరువాతి కాలంలో జే గైల్స్ బ్యాండ్ గాయకుడిగా పేరు పొందిన పీటర్ వుల్ఫ్ తొలి రోజుల్లో అక్కడ అర్ధరాత్రి డీజే. ఏ రికార్డు తరువాత ఏది వేయాలో మైకు ముందున్న మనిషే నిర్ణయించుకునేవాడు.

ఈ ఒక్క స్వేచ్ఛ వల్లే ఆ స్టేషన్‌కు ఊరి గుణం పట్టింది. రికార్డులు ఎంచే మనిషి ఆ నగరంలోనే కాపురముండి, సాయంత్రం అక్కడి క్లబ్బులో ఏ బృందం ఎలా వాయించిందో చెవులారా విని, మరునాడు స్టూడియోకు వచ్చేవాడు. బోస్టన్ బృందమైన ద కార్స్ చేతిలో ఇంకా ఒక్క ఆల్బమ్ కూడా లేని 1977లో, మాక్సాన్ సార్టోరి అనే మహిళా డీజే వారి డెమో టేపును పదే పదే వినిపించి నగరమంతటికీ పరిచయం చేశారు. ఏరోస్మిత్ అనే మరో బోస్టన్ బృందం కోసం ఆమె అంతకు ముందే అలా పట్టుబట్టారు. స్థానిక బృందాల మధ్య ఏటా జరిగే రాక్ అండ్ రోల్ రంబుల్ పోటీని స్టేషన్ 1979లో ప్రారంభించింది. వార్తల్లో డానీ షెక్టర్ వియత్నాం యుద్ధాన్ని నిలదీశారు. ఉదయపు కార్యక్రమంలో చార్లెస్ లాక్విడారా దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు నిరసనగా షెల్ పెట్రోలును బహిష్కరించమని శ్రోతలను కోరారు.

1979 ఫిబ్రవరిలో జరిగిన సంగతిని మీ వ్యాసకర్త తప్పక చదవాలని కోరుతున్నాను. స్టేషన్‌ను కొన్న కొత్త యజమానులు వస్తూనే సుమారు సగం మంది సిబ్బందిని తొలగించారు. మిగిలినవారు కూడా వారితో కలిసి బయటికి నడిచి సమ్మెకు దిగారు. శ్రోతలు వారి పక్షాన నిలిచారు, ప్రకటనదారులు ప్రకటనలు ఉపసంహరించుకున్నారు. మూడు వారాలకు యజమానులు దిగివచ్చి తొలగించినవారిని తిరిగి తీసుకున్నారు. దేశం మొత్తం మీద ఒక సంస్థకు ఏడు ఏఎం, ఏడు ఎఫ్ఎం స్టేషన్లకు మించి ఉండరాదన్న పరిమితి అప్పుడు అమలులో ఉంది. ఉన్న కొద్ది స్టేషన్లలో ఒకటి మూగబోతే యజమాని తట్టుకోలేడు కనుకనే ఆ ఊరి మాటకు అంత బరువు ఉండేదని నేను నమ్ముతున్నాను.

ఆ పరిమితి మెల్లమెల్లగా సడలుతూ వచ్చి, 1996 ఫిబ్రవరిలో టెలికమ్యూనికేషన్స్ చట్టంతో జాతీయ స్థాయిలో పూర్తిగా తొలగిపోయింది. పెద్ద నగరాల్లో ఒకే సంస్థ ఎనిమిది స్టేషన్ల వరకు నడుపుకోవచ్చునని అదే చట్టం అనుమతించింది. అంతకు ముందు దేశమంతటా 40 స్టేషన్లే గరిష్ఠ పరిమితిగా ఉండగా, కొద్ది సంవత్సరాల్లోనే క్లియర్ చానెల్ అనే ఒక్క సంస్థ చేతిలోకి 1,200కు పైగా వచ్చి చేరాయి. డబ్ల్యూబీసీఎన్ యాజమాన్యమైన ఇన్ఫినిటీ కూడా 1996లోనే సీబీఎస్ ప్రసార సంస్థకు యజమాని అయిన వెస్టింగ్‌హౌస్‌లో కలిసిపోయింది. లాక్విడారా ఏళ్ల తరబడి నడిపిన ఉదయపు వేళను అదే ఏడాది న్యూయార్క్ నుంచి అనేక నగరాలకు ఒకేసారి వెళ్లే హోవర్డ్ స్టెర్న్ కార్యక్రమానికి ఇచ్చి, ఆయనను అదే సంస్థకు చెందిన మరో బోస్టన్ స్టేషన్‌కు పంపారు. పాటలు ఫోన్‌లోకి రావడానికి చాలా ముందటి మాట ఇది.

2009 ఆగస్టులో స్టేషన్ ఆగిపోయినప్పుడు 104.1 మూగబోలేదన్న విషయం కూడా గమనించాలి. సీబీఎస్ సంస్థకు 98.5 మీద క్రీడా చర్చల స్టేషన్ కావలసి వచ్చింది. అందుకోసం అక్కడున్న పాప్ సంగీత స్టేషన్‌ను 104.1కి జరిపి, డబ్ల్యూబీసీఎన్‌ను తీసేసింది. 98.5 అనతికాలంలోనే మంచి ఆదరణ పొందింది. వినేవాళ్లు లేక ఎఫ్ఎం చచ్చిపోయిందని అంటే ఈ లెక్క ఎలా కుదురుతుంది? శ్రోతల సంఖ్య అప్పటికే తగ్గిన మాట నిజమే. కానీ ఒకే యజమాని చేతిలో ఒకే నగరంలో అన్నేసి స్టేషన్లు లేకపోతే ఈ మార్పిడి ఒక్క సంతకంతో అయ్యేది కాదు. దశాబ్దాల పాటు దానికి పోటీగా నిలిచిన డబ్ల్యూఏఏఎఫ్ అనే రాక్ స్టేషన్‌ను సైతం 2020లో, దేశమంతటా ఒకే క్రైస్తవ సంగీత ప్రసారాన్ని వినిపించే సంస్థకు అమ్మేశారు.

ఇది ముగిసిపోయిన చరిత్ర కాదు. నగరానికి ఎనిమిది అన్న మిగిలిన పరిమితిని కూడా ఎత్తివేయాలని అమెరికా ప్రసారకర్తల జాతీయ సంఘం కమిషన్‌ను కోరుతూ వస్తోంది, దానికి చూపే కారణం కూడా ఇంటర్నెట్ పోటీయే. 1934 నాటి చట్టం లైసెన్సును ప్రజా ప్రయోజనం కోసం ఇవ్వాలని చెబుతుంది, ప్రసార తరంగాలపై ఎవరికీ సొంత హక్కు ఇవ్వదు. అందువల్ల మీ వ్యాసం రెండో భాగం వెలువడే పక్షంలో, మూతపడిన ప్రతి స్టేషన్ పేరు పక్కన అప్పటి యజమాని పేరును, అదే నగరంలో ఆ యజమాని చేతిలో ఉన్న ఇతర స్టేషన్ల సంఖ్యను కూడా ముద్రించవలసిందిగా వ్యాసకర్తను కోరుతున్నాను.

భవదీయుడు,
మీ పాఠకుడు